బ్రేస్ పాదానికి, పరీక్ష మోకాలికి

పక్షవాతం తర్వాత కాలు ఈడ్చుకుంటూ నడిచేవారికి చీలమండ దగ్గర వేసే బ్రేస్ గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. డాక్టర్లు దీన్ని ఏఎఫ్‌ఓ అంటారు. పిక్క వెనక నుంచి దిగి, మడమ దగ్గర వంగి, అరికాలి కింద దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు అది. 22 ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా నా రోజులో ఎక్కువ భాగం ఈ తొడుగు వేసుకున్నవారి పక్కన నడవడంతోనే గడుస్తోంది. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిది చిన్నదే అయినా ఆగేది కాదు, అందుకే దానికి ముందు జవాబు.

ప్రశ్న: మా వారికి 7 వారాల క్రితం స్ట్రోక్ వచ్చింది. ఎడమ కాలికి బ్రేస్ ఇచ్చి 10 రోజులైంది. నొప్పి లేదంటున్నారు. కానీ సాయంత్రం విప్పితే పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ మధ్య ఎముక ఉబ్బిన చోట చొక్కా గుండీ అంత ఎర్రటి మచ్చ కనిపిస్తోంది. పొద్దున లేచేసరికి కూడా పోవడం లేదు. అలవాటయ్యేదాకా ఇంతేనా?

కాదమ్మా. ఈ రోజే బ్రేస్ విప్పి పక్కన పెట్టండి, తయారు చేసినవారికి చూపించండి. అది సరిచేసేదాకా ఆయనను ఒంటరిగా నడవనివ్వకండి.

నొప్పి లేదన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. స్ట్రోక్ వచ్చిన వైపు స్పర్శ మొద్దుబారిన వారికి చర్మం చితుకుతున్నా తెలియదు. బ్రేస్ విప్పాక కాస్త ఎరుపు ఉండటం మామూలే. అది 20, 30 నిమిషాల్లో కరిగిపోవాలి. మర్నాటికీ ఉందంటే అక్కడ ఎముకకూ ప్లాస్టిక్‌కూ మధ్య చర్మం నలుగుతోందని అర్థం. వదిలేస్తే పుండవుతుంది. మధుమేహం కూడా ఉంటే ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

దూది గానీ గుడ్డ ముక్క గానీ లోపల కుక్కకండి. చోటు ఇంకా ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. బ్రేస్ తయారు చేసే ఆర్థోటిస్టు ఆ చోట ప్లాస్టిక్‌ను వేడి చేసి బయటికి కొద్దిగా ఉబ్బిస్తారు, పెద్ద పని కాదు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు, అలా పెంచుకుంటూ వెళ్లండి. విప్పిన ప్రతిసారీ అద్దం పెట్టి అడుగు భాగం కూడా చూడండి. చీలమండకు రెండు పక్కల ఉబ్బిన ఎముకలు, మడమ వెనక, ఇప్పుడు మచ్చ ఉన్న చోటు, ఇవి తప్పనిసరి. మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే గుండ్రటి ఎముకను కూడా మరవకండి. పాదాన్ని పైకి లేపే నరం సరిగ్గా ఆ ఎముక చుట్టూ తిరిగి వెళ్తుంది. బ్రేస్ పై అంచు గానీ పట్టీ గానీ అక్కడ నొక్కితే, ఏ బలహీనత కోసం బ్రేస్ వేశామో అదే ఇంకొంచెం పెరుగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 5 నెలల క్రితం కుడివైపు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తారు గానీ పాదం వేలాడుతుంది, కాలిని బయటి నుంచి తిప్పి వేస్తారు. ఆస్పత్రిలో ఇచ్చిన బ్రేస్ అలమరలోనే ఉంది. "అది తొడిగితే ఉన్న కండరం కూడా సోమరిదవుతుంది, ఒకసారి అలవాటైతే జీవితాంతం వదలదు" అని మా బాబాయి చెప్పారు. నాన్నగారికి ఆ మాటే నచ్చింది. నేను బలవంతం చేయాలా?

బలవంతం వద్దమ్మా. ముందు నాన్నగారు నడుస్తుండగా పక్క నుంచి ఫోనులో వీడియో తీయండి. తుంటి నుంచి పాదం దాకా కనిపించాలి, పది పన్నెండు అడుగులు చాలు. బ్రేస్ లేకుండా ఒకసారి, బ్రేస్ వేసి దానిపై బూటు తొడిగి ఒకసారి. రెండుసార్లూ బలహీనమైన వైపు ఇంకొకరు తోడుగా నడవాలి. తర్వాత మీరిద్దరూ కూర్చుని వేగం తగ్గించి చూడండి. పాదాన్ని కాదు, మోకాలిని చూడండి.

ఎందుకో చెబుతాను. కాలు గాల్లో ఉన్నప్పుడు పాదం లేవకపోవడం అందరికీ కనిపించే ఇబ్బంది. మామూలు నడకలో కూడా కాలి వేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే దాటిపోతాయి. పాదం ఆ కాస్త వేలాడినా నేలకు తగులుతుంది. తగలకుండా ఉండాలని శరీరం కాలిని కొడవలి తిప్పినట్టు బయటి నుంచి తిప్పి వేస్తుంది, లేదా నడుమును ఒక పక్కకు ఎత్తుతుంది. మీరు రాసింది ఇదే.

కనిపించనిది ఆ కాలు నేలకు ఆనాక జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మడమ ముందు ఆని, కింది కాలు పాదం మీదుగా ముందుకు వంగుతూ శరీరాన్ని మోసుకెళ్తుంది. పక్షవాతంలో పిక్క కండరం బిగుసుకుపోయినవారికి వేళ్లో, పాదం బయటి అంచో ముందు ఆనుతుంది. మడమ దిగాలంటే బిగిసిన పిక్క ఒప్పుకోదు. అప్పుడు కింది కాలు ముందుకు రావలసింది పోయి వెనక్కి నెట్టుకుంటుంది. దాంతో మోకాలు వెనక్కి, విల్లు తిరగబడినట్టు వంగుతుంది. ఒక అడుగుకు ఒకసారి. రోజుకు ఎన్ని అడుగులో అన్నిసార్లు. మోకాలి వెనక ఉన్న కణజాలం కొద్దికొద్దిగా సాగిపోతుంది. నొప్పి మాత్రం నెలల తర్వాత వస్తుంది, అప్పటికి నడక తీరు స్థిరపడిపోయి ఉంటుంది.

సరిగ్గా అమరిన బ్రేస్ గాల్లో పాదాన్ని లేపి ఉంచుతుంది, నేలకు మడమ ముందు ఆనేలా చేస్తుంది. అలా ఆనడంతో కింది కాలు ముందుకు కదులుతుంది, మోకాలు వెనక్కి విరగదు. పాదానికి తొడిగినా దాని పని తెలిసేది మోకాలి దగ్గరే. అందుకే ఎవరు బ్రేస్ వేసుకుని వచ్చినా నా చూపు మొదట అక్కడికే వెళ్తుంది.

మీ బాబాయిగారి మీద నాకు కోపం లేదు. పని మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఆయన మాటే నా మాట కూడా. అప్పట్లో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చేవారు. చెప్పినది తు.చ. తప్పకుండా పాటించే మనిషి. "బ్రేస్ వద్దు మాస్టారూ, మీ కండరంతోనే ఎత్తండి" అని 4 నెలలు నడిపించాను. తల వంచి, పాదం వైపే చూసుకుంటూ ఒక్కో అడుగూ వేసేవారు. ఆయన నడుస్తుంటే సన్నగా "టక్" మని చప్పుడు వినిపించేది. కర్ర చివర రబ్బరు అరిగిందనుకున్నాను. ఒకరోజు ఆయన భార్య గోడ పక్కన కూర్చుని ఉన్నారు. "అమ్మాయీ, ఆ చప్పుడు కర్రది కాదు, మోకాలిది" అన్నారు. వంగి, మోకాలి వెనక చెయ్యి పెట్టి చూశాను. ప్రతి అడుగుకూ కీలు నా వేళ్ల మీదికి దూసుకొస్తోంది. బ్రేస్ వేసిన రోజునే ఆ చప్పుడు ఆగింది. నొప్పి మాత్రం ఏడాది దాటినా పూర్తిగా పోలేదు. ఆ 4 నెలలు నేను ఆయనకు తిరిగి ఇవ్వలేను.

కండరం సోమరిదవుతుందా అన్నదాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు నేరుగా పరీక్షించారు. స్ట్రోక్ వచ్చిన తొలి వారాల్లోని రోగులను తీసుకుని కొందరికి వెంటనే, మరికొందరికి 8 వారాలు ఆగి బ్రేస్ ఇచ్చారు. 26 వారాల దగ్గర చూస్తే, ముందుగా వేసుకున్నవారిలో పాదాన్ని లేపే కండరం పనితీరు రెండో గుంపు కంటే ఏమీ తగ్గలేదు. అమెరికాలో నాడీ సంబంధ ఫిజియోథెరపిస్టుల సంఘం 2021లో వెలువరించిన మార్గదర్శకం కూడా పాదం వేలాడేవారికి బ్రేస్ గానీ, నరానికి స్వల్పంగా కరెంటు ఇచ్చి పాదాన్ని లేపే విద్యుత్ ప్రేరణ గానీ ఇవ్వాలనే చెబుతోంది. నడక వేగం, కదులుతూ నిలదొక్కుకోవడం రెండూ మెరుగవుతాయన్నది అందులోని మాట.

అయితే ఆ నెదర్లాండ్స్ పరిశీలనలోనే ఇంకొక సంగతి తేలింది, దాన్ని దాచడం న్యాయం కాదు. బ్రేస్ ముందుగా అందుకున్నవారే ఎక్కువసార్లు పడ్డారు. ఆ పడటాల్లో ఎక్కువ భాగం బ్రేస్ విప్పి ఉన్నప్పుడు జరిగినవి. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. పగలంతా ధైర్యంగా నడిచిన మనిషి, రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు ఆ ధైర్యంతోనే, బ్రేస్ లేకుండా అడుగు వేస్తాడు. నాన్నగారు వాడటం మొదలుపెడితే బ్రేస్, బూటు మంచం పక్కనే చేతికి అందేలా ఉండాలి. తొడుక్కునే ఓపిక లేని రాత్రి మిమ్మల్ని పిలవాలి.

బ్రేస్ మందు కాదు. ఒంటి మీద ఉన్నంతసేపే దాని మేలు, విప్పితే పాత నడకే. కాబట్టి కండరానికి వేరే సమయం కేటాయించండి. రోజూ బ్రేస్ విప్పి, కుర్చీలో కూర్చుని, మడమ నేలకు ఆనించి వేళ్లు పైకి లేపడం, ఫిజియోథెరపిస్టు చూపిన ఇతర వ్యాయామాలు ఆ సమయంలో. నడక బ్రేస్‌తో, సాధన బ్రేస్ లేకుండా. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

నాన్నగారిని ఒప్పించడానికి వాదన కంటే గడియారం మేలు. 10 మీటర్ల దూరం కొలిచి రెండు గీతలు పెట్టండి. ఎన్ని సెకన్లు పట్టిందో ఆయననే చూడమనండి. 25 సెకన్ల కంటే ఎక్కువ పట్టేవారు సాధారణంగా ఇంటికే పరిమితమవుతారు. 12, 13 సెకన్లలో దాటగలిగితే బయట స్వేచ్ఛగా తిరగగల వేగం వచ్చినట్టు. బ్రేస్‌తో, బ్రేస్ లేకుండా రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఆయన తల ఎటు ఉందో కూడా గమనించండి. కాలి మీద నమ్మకం కుదిరితే చూపు నేల మీద నుంచి లేస్తుంది.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఎడమవైపు స్ట్రోక్ వచ్చి ఏడాదైంది. చీలమండ అస్సలు కదలని గట్టి బ్రేస్ వాడుతున్నాను. తిన్నగా నడవడం బాగుంది. కానీ కుర్చీలోంచి లేవడం కష్టమైంది. వాలులో దిగుతుంటే మోకాలిని వెనక నుంచి ఎవరో తోసినట్టుంటుంది, వెనక్కి తిరగబోతే తూలుతున్నాను. బ్యాలెన్స్ కోసమని ఇచ్చారు, నాకు తగ్గినట్టుంది. పొరపాటు నాదా, బ్రేస్‌దా?

మీరు గమనించిన ప్రతి మాటా నిజం, పొరపాటు మీది కాదు.

బ్యాలెన్స్ అనేది ఒక్కటే వస్తువు కాదు. బలహీనమైన కాలి మీద బరువు మోపడంలో బ్రేస్ సాయం చేస్తుంది, పాదం పక్కకు మడతపడదన్న భరోసా ఉంటుంది కాబట్టి. కానీ నిలబడి ఉన్నప్పుడు మన శరీరం ఎప్పుడూ కొంచెం ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును చీలమండ చిన్న చిన్న కదలికలతో సరిదిద్దుతుంది. గట్టి బ్రేస్ ఆ కదలికను బంధిస్తుంది. ఆ పని తుంటి అందుకోవాలి, దానికి తుంటి కండరాలకు శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇవ్వకుండా బ్రేస్ మాత్రం చేతిలో పెట్టి పంపడం నాకు ఎప్పుడూ సరికాదనిపిస్తుంది.

లేవడం సంగతి. కుర్చీలోంచి లేచేటప్పుడు మనం పాదాలను మోకాళ్ల కంటే వెనక్కి లాక్కుని, కింది కాళ్లను ముందుకు వంచుతాం. మీ చీలమండ వంగదు కాబట్టి ఎడమ పాదం ముందే ఉండిపోతుంది, బరువంతా కుడి కాలు ఎత్తుతోంది. ప్రస్తుతానికి కొంచెం ఎత్తైన కుర్చీ వాడండి, అంచు దాకా జరిగి లేవండి.

వాలులో మోకాలిని తోసినట్టుండటం గురించి ఒక్క ప్రశ్న: ఈ మధ్య బూట్లు మార్చారా? బ్రేస్‌ను ఒక ఫలానా మడమ ఎత్తుకు అమర్చి ఇస్తారు. మడమ ఇంకో సెంటీమీటరు ఎత్తున్న బూటు తొడిగితే గట్టి బ్రేస్ మొత్తం ముందుకు ఒరిగి మోకాలిని ముందుకు నెడుతుంది. మడమ తక్కువున్న బూటు వేస్తే కింది కాలు వెనక్కి ఒరిగి మోకాలు వెనక్కి పోతుంది. బ్రేస్ ఇచ్చిన రోజు వేసుకున్న బూట్లతో మళ్లీ నడిచి చూడండి. తేడా అక్కడే తెలిసిపోవచ్చు.

బూట్లు అవే అయితే, కీలున్న బ్రేస్ మీకు సరిపోతుందేమో చూడమని మీ పునరావాస వైద్యుణ్ని అడగండి. అది పాదాన్ని కిందికి వేలాడనివ్వదు, పైకి వంగనిస్తుంది. లేవడం, వాలు దిగడం తేలికవుతాయి. అయితే నిలబడినప్పుడు మోకాలు ముందుకు కూలిపోయేవారికి, పిక్క బాగా బిగుసుకున్నవారికి అది పనికిరాదు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో గట్టిది ఇవ్వడం తప్పు కాదు. ఏడాది తర్వాత కూడా ఎవరూ తిరిగి చూడకపోవడమే తప్పు. బిగుతు తగ్గడానికి బొటులినమ్ ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే, తర్వాత పాత బ్రేస్ అమరిక సరిపోకపోవచ్చు కూడా.

తిరిగేటప్పుడు బ్రేస్ ఉన్న పాదం మీద గిర్రున తిరగకండి. చిన్న చిన్న అడుగులతో అర్ధవృత్తంలా తిరగండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బ్రేస్ కాలు ముందు, చెయ్యి మెట్ల పక్క రెయిలింగ్ మీద.

ప్రశ్న: దుకాణంలో దొరికే సాగే గుడ్డ పట్టీ చాలదా? ప్లాస్టిక్‌ది ఏ బూటులోనూ పట్టడం లేదు.

బెణుకుకు వేసుకునే గుడ్డ తొడుగు పాదాన్ని పైకి లేపదు, దాని వల్ల ప్రయోజనం లేదు. బూటు లేసులకు తగిలించి పిక్క దగ్గర కట్టే సాగే పట్టీలు వేరు. పాదం వేలాడటం ఒక్కటే ఇబ్బంది అయితే అవి కొందరికి బాగానే పనిచేస్తాయి. ఇంకొకరితో మీ పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి చూడమనండి, తర్వాత కొంచెం వేగంగా. వేగంగా వంచినప్పుడు పిక్క ఎదురు తిరిగినా, పాదం దడదడ కొట్టుకున్నా మీకు బిగుతు ఉన్నట్టే. దాన్ని గుడ్డ పట్టీ ఆపలేదు.

బూటు విషయంలో చాలామంది ఓడిపోయి బ్రేస్‌నే వదిలేస్తారు. లోపలి మెత్తటి అట్టను తీసేయండి. నోరు వెడల్పుగా తెరుచుకునే, వెల్క్రో పట్టీ ఉన్న, అర సైజు పెద్ద బూటు తీసుకోండి. అట్ట తీసినా ఆ కాలు ఎత్తుగా అనిపిస్తే రెండో బూటులో సన్నటి అట్ట వేయండి. బూటు లేకుండా ప్లాస్టిక్ బ్రేస్‌తో నున్నటి నేల మీద ఒక్క అడుగు కూడా వద్దు, జారుతుంది.

ప్రశ్న: మా అమ్మకు స్ట్రోక్ వచ్చి 8 నెలలు. ఇప్పుడు కూర్చుని వేళ్లు కొంచెం లేపగలుగుతోంది. బ్రేస్ తీసేయవచ్చా? కరెంటుతో పాదం లేపే పరికరం మంచిదని విన్నాం.

వేళ్లు లేస్తున్నాయంటే నిజంగా సంతోషం. కానీ కూర్చుని లేపడం వేరు, నడుస్తూ ప్రతి అడుగుకూ సరైన క్షణంలో లేపడం వేరు.

ఆ పరికరం గురించి ముందు చెబుతాను. మోకాలి కింద నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి పాదాన్ని లేపే పద్ధతిని 1961లోనే లిబర్సన్ అనే వైద్యుడి బృందం ప్రకటించింది. స్ట్రోక్‌లో దెబ్బ తగిలింది మెదడుకు, కాలిలోని నరం బాగానే ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. బ్రేస్‌తో పోల్చిన పెద్ద పరీక్షల్లో నడక వేగం రెండింటితోనూ దాదాపు సమానంగానే పెరిగింది. చీలమండ కదలికను బంధించదు కాబట్టి కొందరికి ఇదే హాయిగా ఉంటుంది. చీలమండ పూర్తిగా బిగుసుకుపోయినవారికి కుదరదు. గుండెలో పేస్‌మేకర్ ఉంటే గుండె వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక తీసేయడం. ఒకేసారి వద్దు. మొదట పగటిపూట, ఇంట్లో, మీరు పక్కన ఉండగా కొద్ది దూరం. బయట, అలసిన సాయంత్రాల్లో బ్రేస్ ఉండాలి. ఫిజియోథెరపిస్టు సమక్షంలో అమ్మను బ్రేస్ లేకుండా 6 నిమిషాలు నడిపించి, మొదటి నిమిషాన్నీ చివరి నిమిషాన్నీ వీడియో తీయండి. మొదటి నిమిషం అందరికీ బాగుంటుంది. చివరి నిమిషంలో మోకాలు వెనక్కి పోతోందా, కాలు తిప్పి వేస్తోందా చూడండి. పోతోందంటే ఇంకా సమయం రాలేదు.

ఇంకొకటి, వీడియో అక్కర్లేనిది. అమ్మ కొన్నాళ్లుగా బ్రేస్ లేకుండా ఇంట్లో వాడుతున్న బూట్లు ఉంటే రెండూ తిరగేసి పక్కపక్కన పెట్టండి. బలహీనమైన కాలి బూటు మడమ కొత్తగానే ఉండి, ముందు కొనా బయటి అంచూ అరిగిపోయి ఉంటే, మీరు చూడనప్పుడు ఆమె ఎలా నడుస్తోందో అక్కడ ఉంది. ఆ రెండు బూట్లనూ ఈసారి వెళ్లేటప్పుడు ఫిజియోథెరపిస్టు దగ్గరకు పట్టుకెళ్లండి.